నోషన్ నోట్స్ హబ్‌స్పాట్‌లోకి పంపితే డబుల్ రికార్డులు, ఖాళీ నోట్స్ ఎందుకు పడుతున్నాయి?

ప్రశ్న ఇది: మీటింగ్ నోట్స్ నోషన్ అనే నోట్స్ యాప్‌లోని డేటాబేస్‌లో రాసుకుంటున్నారు. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి డేటా మోసే జాపియర్ వాటిని హబ్‌స్పాట్‌లోకి, అంటే కస్టమర్ల వివరాలు దాచే సీఆర్ఎంలోకి, పంపుతోంది. కానీ ఒకే కస్టమర్‌కి రెండు మూడు రికార్డులు పడుతున్నాయి, కొన్ని నోట్స్ ఖాళీగా చేరుతున్నాయి.

ఈ రెండు తిప్పలకీ మూలం చాలావరకు ఒక్కచోటే ఉంటుంది: ట్రిగ్గర్, అంటే ఆటోమేషన్‌ని కదిలించే సంఘటన. డేటాబేస్‌లో కొత్త పేజీ పడగానే కదిలేలా జాప్ (జాపియర్‌లో అల్లుకున్న ఆటోమేషన్) పెట్టి ఉంటారు. నోషన్‌లో కొత్త పేజీ బటన్ నొక్కిన క్షణానికే పేజీ పుట్టేసినట్టు లెక్క. అప్పటికి పేరు ఒక్కటే టైప్ అయి ఉంటుంది. ఈమెయిల్ ఇంకా పెట్టలేదు, నోట్ ఒక్క లైనూ రాయలేదు. జాపియర్ వచ్చి ఆ సగం పేజీనే పట్టుకుపోతుంది. ప్లాన్‌ని బట్టి అది 15 నిమిషాలకోసారి చూసినా, 2 నిమిషాలకోసారి చూసినా జబ్బు అదే. హబ్‌స్పాట్ కాంటాక్ట్‌ని, అంటే ఒక మనిషి రికార్డుని, గుర్తుపట్టేది ఈమెయిల్‌తో. పేరు ఎన్నిసార్లు ఒకేలా వచ్చినా దానికి పట్టదు. ఈమెయిల్ లేకుండా వస్తే ప్రతిసారీ కొత్త మనిషే.

అందుకే పేజీ పుట్టడాన్ని కాకుండా, రాసినవాళ్లు "ఇది సిద్ధం" అని చెప్పడాన్ని ట్రిగ్గర్ చేయండి. డేటాబేస్‌లో "సింక్" అనే సెలెక్ట్ ప్రాపర్టీ (జాబితాలోంచి ఎంచుకునే గడి) పెట్టి నాలుగు ఆప్షన్లు ఇవ్వండి: డ్రాఫ్ట్, పంపాలి, పంపాం, ఆగింది. దానితోపాటు మూడు టెక్స్ట్ ప్రాపర్టీలు కావాలి: కాంటాక్ట్ ఐడీ, నోట్ ఐడీ, కారణం. ఐడీలని నంబర్ ప్రాపర్టీలో పెట్టకండి. వాటితో కూడికలు తీసివేతలు ఉండవు, పైగా నంబర్ ఫార్మాట్ మధ్యలో కామాలు దూర్చే వీలుంది. ఇప్పుడు జాప్‌లో ట్రిగ్గర్‌ని "పేజీ అప్‌డేట్ అయినప్పుడు" అని మార్చి, వెంటనే కింద ఫిల్టర్ పెట్టండి: సింక్ విలువ "పంపాలి" అయితేనే ముందుకు.

ఈ ఫిల్టర్ ఇంకో పని కూడా చేస్తుంది. చివర్లో మనం ఐడీని నోషన్‌లోకి తిరిగి రాస్తాం. ఆ రాత కూడా ఎడిట్ కిందే లెక్క, కాబట్టి ట్రిగ్గర్ మళ్లీ లేస్తుంది. అప్పటికి సింక్ "పంపాం" అయి ఉంటే ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది. ఫిల్టర్ లేకపోతే జాప్ తన తోక తానే పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది, టాస్కుల కోటా అంతా అందులోనే కరిగిపోతుంది.

జాపియర్ లేకుండా సొంతంగా ఇంటిగ్రేషన్ టోకెన్ (లోపలికి వెళ్లే తాళంచెవి లాంటిది) చేసి ఏపీఐతో, అంటే కోడ్ ద్వారా నేరుగా, కలుపుతున్నవాళ్లకి నోషన్ నుంచి మొదటి రోజే ఎదురయ్యేది 404, అంటే "దొరకలేదు" అనే ఎర్రర్ కోడ్. పేజీ మీకు కళ్ల ముందే కనిపిస్తున్నా, ఇంటిగ్రేషన్‌కి కనిపించదు. డేటాబేస్ పేజీ పైన మూడు చుక్కల మెనూలోకి వెళ్లి, కనెక్షన్స్‌లో ఆ ఇంటిగ్రేషన్‌ని చేర్చాలి. టోకెన్ తప్పేమో అని మారుస్తూ కూర్చోకండి. టోకెన్ తప్పయితే వచ్చేది 401.

ఇక కాంటాక్ట్. ముందు ఈమెయిల్‌ని శుభ్రం చేయాలి: అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేయండి, చివర అంటుకున్న కామానో చుక్కనో కత్తిరించండి, అన్నీ చిన్న అక్షరాలు చేయండి. మెయిల్ సంతకం నుంచి కాపీ చేసినప్పుడు పేరుతో సహా అతుక్కుని వస్తుంది, దాన్ని కూడా విడదీయండి. జాపియర్ ఫార్మాటర్‌లో ఈమెయిల్‌ని మాత్రమే బయటికి తీసే ఆప్షన్ ఉంది, అది చాలు. ఆ తర్వాత హబ్‌స్పాట్‌లో "క్రియేట్" కాకుండా "క్రియేట్ ఆర్ అప్‌డేట్ కాంటాక్ట్" వాడండి.

ఏపీఐతో చేస్తుంటే సెర్చ్ మీద ఆధారపడకండి. హబ్‌స్పాట్ సెర్చ్‌లో కొత్తగా చేసిన రికార్డు కనిపించడానికి కొన్ని క్షణాలు పడుతుంది. వెంటవెంటనే రెండు నోట్స్ వస్తే రెండోదానికి "ఎవరూ లేరు" అనే జవాబు వస్తుంది. ఈమెయిల్‌నే ఐడీగా ఇచ్చి నేరుగా కాంటాక్ట్‌ని చదివితే ఈ బాధ లేదు. ఉన్న ఈమెయిల్‌తోనే మళ్లీ క్రియేట్ కొడితే 409 అనే ఎర్రర్ వస్తుంది. ఆ సందేశంలోనే పాత కాంటాక్ట్ ఐడీ ఉంటుంది, దాన్ని తీసుకుని ముందుకెళ్లొచ్చు.

ఈమెయిల్ లేని నోట్‌ని మాత్రం ఆటోమేటిక్‌గా పంపకండి. సింక్‌ని "ఆగింది" చేసి, కారణంలో "ఈమెయిల్ లేదు" అని రాయించండి. ఫోన్ నంబర్‌తో పోల్చుదామని చాలామంది అనుకుంటారు, కానీ దేశం కోడ్‌తో ఒకరు, లేకుండా ఒకరు, మధ్యలో గీతలతో ఇంకొకరు రాస్తారు. అది వదిలేయడమే మేలు.

ప్రాపర్టీలు మ్యాప్ చేసేటప్పుడు ఒకటి మరువకండి: నోషన్‌లో ఖాళీగా ఉన్న గడిని హబ్‌స్పాట్‌కి ఖాళీ విలువగా పంపితే, అక్కడున్న మంచి ఫోన్ నంబర్ తుడిచిపెట్టుకుపోతుంది. విలువ ఉంటేనే పంపేలా పెట్టండి. డ్రాప్‌డౌన్లకి తెరమీద కనిపించే పేరు వేరు, లోపలి విలువ వేరు. ఏపీఐకి లోపలి విలువే ఇవ్వాలి, లేకపోతే 400 వస్తుంది.

ఖాళీ నోట్స్ సంగతికి వస్తే, ట్రిగ్గర్ సరిచేసినా ఇది పూర్తిగా పోకపోవచ్చు. నోషన్‌లో ప్రాపర్టీలు వేరు, పేజీ లోపల రాసిన విషయం వేరు. ఏపీఐ పేజీని ఇస్తే వచ్చేది ప్రాపర్టీలే. లోపలి రాతని బ్లాకులుగా (పేరా, బుల్లెట్ లాంటి ముక్కలుగా) విడిగా తెచ్చుకోవాలి, ఒక్కో పిలుపుకి గరిష్ఠంగా 100 బ్లాకులే. ఇంకా ఉన్నాయని జవాబులో చెబితే, అది ఇచ్చిన కర్సర్‌తో (ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తుతో) మళ్లీ అడగాలి. టాగుల్ (నొక్కితే తెరుచుకునే మడత) లోపల, బుల్లెట్ కింద ఇంకో బుల్లెట్‌గా రాసినవి పిల్ల బ్లాకులు. వాటికోసం మళ్లీ విడిగా అడగకపోతే పై లైన్లు మాత్రమే వచ్చి అసలు విషయం జారిపోతుంది. పిలుపులు సగటున సెకనుకి 3 దాటితే 429 వస్తుంది. ఎంతసేపు ఆగాలో ఆ జవాబు హెడర్‌లోనే ఉంటుంది, అంతసేపూ ఆగి మళ్లీ అడగండి.

పేజీ మొత్తం పంపొద్దని నా సలహా. మన కోసం రాసుకున్న సొంత మాటలు అందులో ఉంటాయి, సీఆర్ఎం టీమంతా చూస్తుంది. టెంప్లేట్‌లోనే "సీఆర్ఎంకి" అనే హెడింగ్ పెట్టి, దాని కింద ఉన్నదే తీసుకోండి. అలా చేస్తే బ్లాకుల సంఖ్యా తగ్గుతుంది, హబ్‌స్పాట్ పెట్టిన 65,536 అక్షరాల నోట్ పరిమితి గురించీ బెంగ ఉండదు.

నోషన్‌లోకి అప్‌లోడ్ చేసిన ఫైళ్ల లింకుని ఏపీఐ నుంచి తీసి అలాగే నోట్‌లో పెట్టకండి. ఆ లింకు గంటలో చచ్చిపోతుంది. పేజీ లింకు పెట్టండి, లేదా ఫైల్‌నే హబ్‌స్పాట్‌కి ఎక్కించండి.

హబ్‌స్పాట్‌లో నోట్ బాడీ హెచ్‌టీఎంఎల్. మామూలు లైన్ బ్రేకులు పంపితే అంతా ఒకే పేరాగా ముద్దయిపోతుంది, ప్రతి లైన్‌నీ పేరా ట్యాగులో చుట్టండి. టైమ్‌స్టాంప్ తప్పనిసరి, అందులో మీటింగ్ జరిగిన సమయం ఇవ్వండి. సింక్ అయిన సమయం ఇస్తే టైమ్‌లైన్ వరస తప్పుతుంది. అన్నిటికన్నా ముఖ్యం అసోసియేషన్: నోట్‌ని కాంటాక్ట్‌కి కలపకుండా చేస్తే నోట్ తయారవుతుంది, ఐడీ వస్తుంది, జాప్ పచ్చగా కనిపిస్తుంది, కానీ ఆ నోట్ ఏ కస్టమర్ రికార్డులోనూ కనబడదు. డీల్ (అమ్మకం రికార్డు) కూడా ఉంటే దానికీ కలపండి.

నోట్ తయారైన మరుక్షణమే కాంటాక్ట్ ఐడీ, నోట్ ఐడీ నోషన్‌లోకి తిరిగి రాసి సింక్‌ని "పంపాం" చేయండి. టీమ్‌కి మెసేజ్ పంపడం లాంటివన్నీ ఆ తర్వాతే. మధ్యలో ఇంకో స్టెప్ దూర్చి అది విఫలమైతే, మళ్లీ నడిపినప్పుడు రెండో నోట్ పడుతుంది. తర్వాత ఎవరైనా నోట్ దిద్ది మళ్లీ "పంపాలి" పెడితే, నోట్ ఐడీ ఉందో లేదో చూసి దారి చీల్చండి: ఉంటే అదే నోట్‌ని అప్‌డేట్, లేకుంటే కొత్తది.

నడిపించే ముందు ఐదు నోట్స్‌తో పరీక్షించండి: కొత్త ఈమెయిల్ ఉన్నది ఒకటి, ఉన్న కస్టమర్ ఈమెయిల్‌నే పెద్ద అక్షరాల్లో రాసింది ఒకటి, ఈమెయిల్ లేనిది ఒకటి, "సీఆర్ఎంకి" హెడింగ్ కింద 100 బ్లాకులు దాటి టాగుల్స్ ఉన్నది ఒకటి, పంపాక దిద్ది మళ్లీ పంపింది ఒకటి. చివరి రెండిటిలోనూ ఉన్న కస్టమర్ ఈమెయిలే పెట్టండి. హబ్‌స్పాట్‌లో చూస్తే కొత్త కాంటాక్ట్ ఒక్కటే పెరిగి ఉండాలి, దిద్దిన నోట్ ఒకే ఒక్కటి ఉండాలి. మూడోది "ఈమెయిల్ లేదు" అన్న కారణంతో నోషన్‌లోనే ఆగి ఉండాలి.