ఎండాకాలం చుక్కలు: దక్షిణం వైపు తిరిగి చూడు

బిడ్డా,

టెలిస్కోపు ఇప్పుడే కొనకు. డబ్బా మీద 525 రెట్లని అచ్చేసి అమ్మే 60 మి.మీ. వెడల్పు అద్దమున్న గొట్టం 120 రెట్లు దాటితే మసకే చూపిస్తుంది. పైగా దాని కాళ్లు సన్నం, ముట్టుకుంటే చాలు చుక్క కనుమరుగు. ఈ సీజన్‌కు 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెంచేది, ముందు అద్దాలు 50 మి.మీ. వెడల్పు), దాన్ని బిగించే కెమెరా ట్రైపాడ్ సరిపోతాయి. ట్రైపాడ్ లేకుంటే చెయ్యి వణుకు కూడా పది రెట్లయి కనిపిస్తుంది.

రోజులను పంచాంగం చూసి పెట్టుకో. బహుళ అష్టమి నుంచి శుద్ధ తదియ దాకా సాయంత్రాలకు చంద్రుడి బెడద ఉండదు. ఏప్రిల్ చివర్లో పూర్తి చీకటి పడేసరికి ఏడుముప్పావు అవుతుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇంకో అరగంట. మధ్యలో ఫోను తెరిచావంటే ఆ అరగంట మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం రెండు మడతలు చుట్టుకో.

చోటు ఎంచుకునేటప్పుడు ఒకటే లెక్క: ఊరి వెలుగు నీ వీపు వెనక ఉండాలి. వర్ధన్నపేట దాటితే వరంగల్ దీపాలు ఉత్తరాన ఉండిపోతాయి. రామప్ప, లక్నవరం దిక్కు ఇంకా చీకటే, కానీ చెట్లు దక్షిణాన్ని మూసేస్తే లాభం లేదు. చెరువుకు ఉత్తరపు ఒడ్డున నిలబడితే నీళ్ల మీదుగా ఆకాశం అంచుదాకా కనిపిస్తుంది. యాసంగి కోతల దుమ్ము, కొయ్యకాళ్లు కాల్చిన పొగ ఆ అంచు దగ్గరే పేరుకుంటాయి. అకాల వాన పడి వెలిసిన మర్నాటి రాత్రిని మాత్రం వదలకు.

ముందు ఉత్తరాన సప్తర్షులను పట్టుకో. తోక వంపునే సాగదీస్తే నారింజ రంగు స్వాతి, ఇంకా సాగదీస్తే తెల్లని చిత్త. అనుమానముంటే చైత్ర పున్నమి నాడు చూడు, చంద్రుడు చిత్త దగ్గర్లోనే ఉంటాడు. చిత్తకు కుడివైపు కాస్త కింద నాలుగు చుక్కల వంకర చతురస్రం హస్త.

ఇక అసలు పని. హస్త నడినెత్తి గీత మీదికి, అంటే సరిగ్గా దక్షిణానికి వచ్చినప్పుడు దాని కిందే ఆకాశం అంచుకు దగ్గరగా నాలుగు చుక్కల దక్షిణ శిలువ ఉంటుంది. ఏప్రిల్ చివర్లో రాత్రి పదికి, మే నడుమ తొమ్మిదికి. పై చుక్క 15 డిగ్రీల ఎత్తు, కింది చుక్క 9 డిగ్రీలే. చేయి చాపి పట్టిన పిడికిలి వెడల్పు 10 డిగ్రీలనుకో. పడమరగా ఇంకా పెద్దగా, మసకగా మరో శిలువ కనిపిస్తుంది. చాలామంది దానికే మోసపోతారు. అసలుదానికి ఎడమ పక్కన రెండు ప్రకాశమైన చుక్కలుంటాయి.

ఇంకో గంటకు చిత్త దక్షిణానికి వస్తుంది. దాని నుంచి నిట్టనిలువుగా మూడున్నర పిడికిళ్లు దిగు. అక్కడ మసక చుక్కలా ఉన్నదే ఒమేగా సెంటారి. దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న, సుమారు కోటి నక్షత్రాల గుంపు. బైనాక్యులర్‌లో గుండ్రటి తెల్లని మబ్బు తునకలా, పున్నమి చంద్రుడంత వెడల్పుగా కనిపిస్తుంది. మన దగ్గర ఇది 25 డిగ్రీల దాకా లేస్తుంది. ఢిల్లీ వాళ్లకు 14 డిగ్రీలే. అందుకే ఈ నెలల్లో నీ రాత్రుల్లో సగం దీనికే కేటాయించమంటాను.

ఎవరిదైనా ఆరు అంగుళాల టెలిస్కోపు దొరికితే 80, 100 రెట్లతో చూడు, గుంపు విడివిడి చుక్కలుగా విచ్చుకుంటుంది. స్లాబు మీద మాత్రం పెట్టకు. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది, బొమ్మ మరుగుతున్న నీళ్లలా ఆడుతుంది. మట్టి నేల మీద పెట్టి, అద్దం చల్లారడానికి గంటసేపు ముందే బయట ఉంచు. అరుంధతి పక్కనున్న వశిష్ఠుడు కూడా 40 రెట్లకే రెండు చుక్కలుగా విడిపోతాడు.

కన్యలోని గెలాక్సీలను ఈ ఏడాది పక్కన పెట్టు. చిన్న బైనాక్యులర్‌లో అవి వట్టి మరకలు, నిరాశే మిగులుతుంది. చీకటి పడగానే పునర్వసుకూ మఖకూ నడుమ పుష్యమి దగ్గరి చుక్కల గుంపు చూడు. అది టెలిస్కోపులో పట్టదు, నీ బైనాక్యులర్‌లోనే బాగుంటుంది.

పొలం గట్ల మీద ఒంటరిగా వద్దు. బూట్లు వేసుకో, కూర్చునే ముందు నేల మీద టార్చి కొట్టు. ఎండాకాలం పాములు, తేళ్లు రాత్రుళ్లే తిరుగుతాయి.

నీ పెద్దబాపు