మా వాడి సీఎన్‌సీ పిచ్చి చదువుకు పనికొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో ఏడాది. పోరుపెట్టి 3018 అనే చిన్న సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే యంత్రం) కొనిపించుకున్నాడు. నెల రోజులుగా పాడైన చెక్క ముక్కలు, విరిగిన బిట్లు తప్ప ఇంట్లో ఏమీ కనిపించట్లేదు. ఇప్పుడు టూల్ పొడవు కొలిచేందుకు ఇంకేదో కావాలంటున్నాడు. కొనివ్వమంటారా? - ఒక తండ్రి, తణుకు

జవాబు: అయ్యా, ఆ బిట్లు ఎందుకు విరుగుతున్నాయో తెలిస్తే మీ కోపం సగం తగ్గుతుంది. మెషీన్‌కు తన తల ఎక్కడుందో తెలుసు గానీ, టూల్ (అంటే బిట్) మొన ఎక్కడుందో తెలియదు. మొదటి బిట్‌ను చెక్క మీద ఆనించి ‘ఇదే సున్నా’ అని మనమే చెబుతాం. తర్వాత బిట్ మార్చినప్పుడు కొత్తది 4 మి.మీ. కిందికి దిగి ఉందనుకోండి, మెషీన్ పాత లెక్కతోనే పోయి 4 మి.మీ. ఎక్కువ లోతుకు గుచ్చుతుంది. ఫ్యాక్టరీల్లో ప్రతి టూల్‌కూ దాని హోల్డర్ ఉంటుంది, ఒకసారి కొలిచి మెషీన్‌లోని ఆఫ్‌సెట్ పేజీలో (టూల్ పొడవుల పట్టికలో) రాసుకుంటే హోల్డర్ తీసి పెట్టినా పొడవు మారదు. ఈ చిన్న మెషీన్లలో ఉండే ఈఆర్11 కొలెట్‌తో (బిట్‌ను పట్టుకునే బిగింపుతో) ఆ సుఖం లేదు. విప్పిన ప్రతిసారీ కొత్త పొడవే.

మీవాడు అడుగుతున్నది బహుశా టచ్ ప్లేట్. మందం తెలిసిన లోహపు ముక్క, రెండు వైర్లు, ఒక క్లిప్పు, అంతే. టూల్ తగలగానే సర్క్యూట్ కలుస్తుంది, మెషీన్ ఆగుతుంది. కొనక్కర్లేదు, అల్యూమినియం ముక్కతో తననే చేసుకోమనండి. మందం మాత్రం మైక్రోమీటర్‌తో కొలవాలి, అక్కడ తప్పితే ఆ తప్పంతా లోతులోకి వస్తుంది.

చేశాక ఒక ప్రశ్న వేయండి: ‘మొదటి టూల్ చెక్క పైభాగమంతా చెక్కేశాక, రెండో టూల్‌ను దేనికి ఆనిస్తావు?’ తడబడితే మంచిదే, అసలు పాఠం అక్కడే ఉంది. ప్లేట్‌ను జాబ్ (చెక్కే ముక్క) మీద కాకుండా బెడ్ (మెషీన్ బల్ల) మూలన కదలకుండా బిగించి, రెండు టూళ్లనూ అక్కడే తాకించి, తేడాను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. ఇంట్లో జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంట్రోలర్‌లో జి38.2 అనే ఆదేశంతో తాకించి, ఆ తేడాను జి43.1 ఆదేశంతో ఇస్తాడు. రేపు వర్క్‌షాప్‌లో ఫానక్ కంపెనీ కంట్రోల్ ఉన్న వీఎంసీ (ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద సీఎన్‌సీ మెషీన్) ముందు నిలబడితే జి43, ఏ టూల్ ఆఫ్‌సెట్ వాడాలో చెప్పే హెచ్ నంబర్ కనిపిస్తాయి. రెంటి వెనకా ఉన్న లెక్క ఒకటే.

మెషీన్ షాపుల్లో ఆపరేటర్ వేరు, సెట్టర్ వేరు. బటన్ నొక్కి జాబ్ మార్చేవాడు ఆపరేటర్. టూళ్లు కట్టి, ఆఫ్‌సెట్లు పెట్టి, మొదటి పీసు సరిగ్గా తీసేవాడు సెట్టర్. జీతంలోనూ మాట చెల్లుబాటులోనూ తేడా అక్కడ మొదలవుతుంది. మీవాడు తెలియకుండానే సెట్టర్ పని నేర్చుకుంటున్నాడు. అయితే 3018 మీద పని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఆ భ్రమ వద్దు. డ్రాయింగ్ చదవడం, కొలతలు తీయడం రావాలి. ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వీఎంసీలున్న షాపునే వెతకండి. డిప్లొమా అయ్యాక హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) సీఎన్‌సీ కోర్సులు చూడొచ్చు. బీటెక్ మీదే మనసుంటే ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు.

ఈలోగా ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఒకే టూల్‌ను విప్పకుండా పదిసార్లు ప్లేట్‌కు తాకించి, వచ్చిన అంకెలన్నీ రాయాలి. ఎంత తేడా వస్తోంది, ఎందుకు వస్తోంది? ప్లేట్ మీద చెక్కపొట్టా, వేగం ఎక్కువా, ఫ్రేమ్ ఊగిందా? నేను టూల్‌రూమ్‌లో ఉన్న రోజుల్లో కుర్రాళ్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు మార్కుల కంటే ఇలాంటి పేజీ ఒక్కటి చూపిస్తే ఎక్కువ సేపు మాట్లాడేవాణ్ణి.

ఇంకో మాట. తాకించే ముందు ప్లేట్‌ను చేత్తో టూల్‌కు ఆనించి సిగ్నల్ వస్తోందో లేదో చూసుకోవాలి, వైరు తెగి ఉంటే మెషీన్ ఆగదు, ప్లేట్‌లోకే దిగుతుంది. పని అయ్యాక టూల్‌కు పెట్టిన క్లిప్పు తీయకుండా స్పిండిల్ (టూల్‌ను తిప్పే భాగం) ఆన్ చేయొద్దు. నేనొకసారి చేశాను. వైరు చుట్టుకుపోయి ప్లేటు ఎగిరి నా వేళ్ల మీద పడింది.