ముగ్గురాయి మిల్లు దాటి ముందుకు వెళ్లాలంటే

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రైల్వే కోడూరు దగ్గర పల్లె. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్ అనే బేరియం ఖనిజం) లారీలు మా ఊరి మీదుగానే పోతాయి. ఆ సరుకు రాయిగానో పొడిగానో ఓడలెక్కి విదేశాలకు వెళ్లిపోతుంది. ఇండోనేషియా తన నికెల్ ఖనిజం ఎగుమతిని నిషేధించి, ఫ్యాక్టరీలన్నీ తన గడ్డ మీదికే రప్పించుకుందని చదివాను. మనం కూడా ముగ్గురాయిని ఆపేస్తే మా పిల్లలకు ఇక్కడే ఉద్యోగాలు దొరుకుతాయి కదా? మా అబ్బాయి కెమిస్ట్రీ డిగ్రీ చదివి చెన్నైలో మందుల దుకాణంలో పనిచేస్తున్నాడు.
– ఒక తండ్రి, రైల్వే కోడూరు

జవాబు: మీ బాధ న్యాయమైనదండీ. ప్రపంచంలోకెల్లా పెద్ద ముగ్గురాయి నిక్షేపం ఇంటి ముందే పెట్టుకుని, కెమిస్ట్రీ చదివిన కుర్రవాడు ఊరు వదిలి వెళ్లవలసి రావడం నాకూ కష్టంగానే ఉంటుంది. నా ఉద్యోగ జీవితమంతా బేరియం రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబుల్లోనే గడిచింది. మంగంపేట రాయి నా బల్ల మీదికి రాని రోజు తక్కువ. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మొదట అధికారం సంగతి. విదేశీ వ్యాపారం రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉంది. ఎగుమతిని నిషేధించాలన్నా, సుంకం వేయాలన్నా ఢిల్లీయే చేయాలి. పైగా 2015లో చిన్న తరహా ఖనిజాల్లో చేర్చిన ముగ్గురాయిని 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి మార్చింది. అయితే రాష్ట్రం చేతులు పూర్తిగా కట్టేసి లేవు. మంగంపేట గనిని నడిపేది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ. నిషేధించే అధికారం లేకపోయినా, సరుకు యజమానిగా ఎవరికి, ఏ షరతుల మీద అమ్మాలో నిర్ణయించుకోవచ్చు. నా ఆశంతా దాని మీదే.

ఇక రాయి విషయం. ప్రపంచంలో తవ్వే ముగ్గురాయిలో అత్యధిక భాగం చమురు, గ్యాస్ బావుల్లోకే పోతుంది. బావి తవ్వేటప్పుడు గొట్టం గుండా ఒక బురదను లోపలికి పంపుతూ ఉంటారు. రిగ్గు మీద పనిచేసేవాళ్లు దాన్ని మడ్ అంటారు. అడుగున ఉన్న గ్యాస్ ఒత్తిడితో ఒక్కసారిగా పైకి తన్నుకు రాకుండా అదిమిపెట్టేది ఆ మడ్ బరువే. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ 65 రోజులు మండింది. కోనసీమ పెద్దలను అడిగితే, బావిలో ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు చెబుతారు. మడ్‌కు ఆ బరువు ఇచ్చేది ముగ్గురాయి పొడి. అది నీళ్లలో కరగదు, దేనితోనూ కలబడదు. మెత్తని రాయి కాబట్టి పంపులను అరగదీయదు.

ఆ పొడికి కొలత చాలా ఖచ్చితంగా ఉంటుంది. మా ల్యాబులో చేసే పరీక్ష చెబుతాను. పొడుగాటి మెడ ఉన్న గాజు ఫ్లాస్కులో గీత దాకా కిరోసిన్ పోస్తాం. ఫ్లాస్కును నీళ్ల తొట్టిలో నిలబెట్టి, వేడి హెచ్చుతగ్గులు లేకుండా చూస్తాం. ఆరబెట్టిన పొడిని 80 గ్రాములు తూచి, కాగితం గరాటులోంచి కొద్దికొద్దిగా జారవిడుస్తాం. గాలి బుడగలు పోయేదాకా ఫ్లాస్కును నెమ్మదిగా దొర్లిస్తాం. కిరోసిన్ 19 మిల్లీలీటర్లు పైకి లేస్తే సాంద్రత 4.2, సరుకు పాస్. 20 మిల్లీలీటర్లు లేస్తే 4.0, ఫెయిల్. ఆ ఒక్క మిల్లీలీటరు తేడాతో లారీలు వెనక్కి తిరిగిన రోజులు ఉన్నాయి. అమెరికన్ పెట్రోలియం సంస్థ ప్రమాణం 4.2గానే ఉండేది. మంచి రాయి తగ్గుతున్న కొద్దీ 2010లో 4.1 గ్రేడును కూడా ఒప్పుకున్నారు. నునుపుకూ హద్దు ఉంది. 75 మైక్రాన్ల జల్లెడ మీద 100కు 3 పాళ్లకు మించి మిగలకూడదు. మరీ దుమ్ములా నలిగినా మడ్ చిక్కబడుతుంది కాబట్టి 6 మైక్రాన్ల కంటే సన్నని రేణువులు 30 పాళ్లు దాటకూడదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ చుట్టుపక్కల మిల్లులు చేసేది వట్టి దంచుడు పని కాదు. ఈ ప్రమాణానికి నిలిచే పొడి చేయగలగడం కూడా శుద్ధే. దాన్ని చిన్నచూపు చూడకండి.

మరి కొంత రాయిగానే ఎందుకు పోతోంది? కొనేవాళ్లకు అది లాభం కాబట్టి. అమెరికాలో టెక్సాస్, లూసియానా తీరాల్లో పెద్ద పెద్ద మిల్లులు ఉన్నాయి. చమురు బావులకు దగ్గరగా, రేవుల పక్కనే కట్టుకున్నారు. రాయిని ఓడ కడుపులోకి గుమ్మరిస్తే చాలు. పొడి అయితే జంబో సంచుల్లో నింపాలి, తడి తగలకుండా చూడాలి, కిరాయి ఎక్కువ. పైగా భారత్, చైనా, మొరాకో రాళ్లను కలిపి తమకు కావలసిన సాంద్రత రాబట్టుకునే వెసులుబాటు వాళ్లకు ఉంటుంది.

ఇండోనేషియాతో పోలిక తడబడేది ఇక్కడే. 100 టన్నుల నికెల్ ఖనిజంలో లోహం ఇంచుమించు 2 టన్నులే. మిగిలిన 98 టన్నుల మట్టిని సముద్రం దాటించడం దండగ. గని పక్కనే కొలిమి పెడితే ఆ కిరాయి అంతా మిగులుతుంది. కాబట్టి ప్రభుత్వం తలుపు మూయగానే చైనా కంపెనీలు కొలిములు పట్టుకుని వచ్చాయి. మంగంపేట మేలురకం రాయిలో 90 పాళ్లకు పైగా సరుకే. నలిపినంత మాత్రాన బరువు తగ్గదు. మిల్లును ఇటు జరిపితే కొనేవాడికి కిరాయిలో మిగిలేది ఏమీ లేదు.

ఇండోనేషియా కథ కూడా నల్లేరు మీద నడక కాదు. 2009లో చట్టం చేశారు. 2014 జనవరిలో ఎగుమతి ఆపారు. 2017లో సడలించారు, మళ్లీ 2020 జనవరి 1 నుంచి పూర్తిగా మూసేశారు. యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేస్తే 2022 నవంబరులో తీర్పు ఇండోనేషియాకు వ్యతిరేకంగా వచ్చింది. అప్పీలుకు వెళ్లారు. అక్కడ విచారించే ధర్మాసనమే ఖాళీగా ఉండడంతో కేసు అలాగే ఉండిపోయింది. నికెల్ మీద ఆదాయం ఎన్నో రెట్లు పెరిగిన మాట నిజం. కొలిములకు కరెంటు కోసం బొగ్గు ప్లాంట్లు వరసగా లేచిన మాటా నిజం. 2023 డిసెంబరులో మొరోవాలిలోని ఒక కొలిమిలో పేలుడు జరిగి 21 మంది కార్మికులు చనిపోయారు. వాళ్ల పేర్లు ఏ ఎగుమతి లెక్కలోనూ కనబడవు. మన దగ్గర ఫ్యాక్టరీ కావాలని అడిగేటప్పుడు అందులో పనిచేసేవాళ్ల ప్రాణాలకు భద్రత కూడా అదే నోటితో అడగాలి.

మనం తలుపు మూస్తే ఏమవుతుంది? ప్రపంచ నికెల్‌లో సగానికి పైగా ఇండోనేషియాదే, దాన్ని వదిలి వెళ్లడం కష్టం. ముగ్గురాయికి చైనా, మొరాకో, కజకిస్తాన్ ఉన్నాయి. మరీ కొరత వస్తే హెమటైట్ అనే ఇనుప ఖనిజం పొడితోనూ మడ్ బరువు పెంచవచ్చు. కొనుగోలుదారు ఒకసారి వేరే ఊరి దారి పట్టాక వెనక్కి రప్పించడం మహా కష్టం.

కాబట్టి ఆపేయడం వద్దు, ముందుకు వెళ్దాం అంటాను. మిల్లు తర్వాతి మెట్టు రసాయనాలు. ముగ్గురాయిని బొగ్గుతో కలిపి, తిరిగే కొలిమిలో 1000 డిగ్రీలకు పైన కాలిస్తే నల్లని బూడిద లాంటి బేరియం సల్ఫైడు వస్తుంది. దాన్ని వేడినీళ్లలో కరిగించి, కార్బన్ డయాక్సైడ్ వాయువు పంపితే తెల్లని బేరియం కార్బొనేట్ అడుగున దిగుతుంది. పింగాణీకి, గాజుకు, ఇటుకలకు, స్పీకర్లలో వాడే అయస్కాంతాలకు అది కావాలి. మరింత శుద్ధి చేస్తే బేరియం టైటనేట్ దాకా వెళ్లవచ్చు. మీ చేతిలోని ఫోనులో ఉండే ఇసుక రేణువంత కెపాసిటర్లను దానితోనే చేస్తారు. శ్రీకాళహస్తిలో బేరియం కార్బొనేట్ ఫ్యాక్టరీ ఉంది. అంటే ఈ విద్య మన ప్రాంతానికి కొత్త కాదు.

ఇందులో చేదు కూడా ఉంది. వాయువు పంపేటప్పుడు కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. దాన్ని పట్టి గంధకంగా మార్చకపోతే మనుషులు కుప్పకూలిపోతారు. కరిగించగా మిగిలిన మడ్డిలో ఇంకా విషపు బేరియం ఉంటుంది, వాగు గట్టున పోయడానికి వీల్లేదు. అదీగాక, చమురు బావులు మింగే ముగ్గురాయి ముందు రసాయనాలకు పట్టేది పిడికెడే. ఎన్ని ఫ్యాక్టరీలు పెట్టినా మంగంపేట రాయి అంతా రసాయనంగా మారదు. కానీ కెమిస్ట్రీ చదివిన మీ అబ్బాయి లాంటి వాళ్లకు పని దొరికేది ఆ పిడికెడు దగ్గరే.

నేనైతే ప్రభుత్వాన్ని రెండు విషయాలు అడుగుతాను. ఒకటి, తక్కువ గ్రేడు రాయి. సాంద్రత చాలక పక్కన పడేసిన సరుకును నీటిలో బరువును బట్టి వేరుచేసి, లేదా నురుగు మీద తేల్చి 4.1కు తీసుకురావచ్చు. ఆ ప్లాంటు గని దగ్గరే పెట్టాలి, ఎందుకంటే వ్యర్థాన్ని మోయడం దండగ అన్న లెక్క ఇక్కడ మన వైపు పనిచేస్తుంది. రెండు, రసాయనాల ఫ్యాక్టరీకి పదేళ్ల పాటు స్థిరమైన ధరకు రాయి ఇస్తామని ఒప్పందం. అయితే ఆ ధరకు తీసుకున్న రాయిని కొలిమిలో వేయకుండా బయట అమ్ముకోకుండా కాపలా ఉండాలి. కరెంటు మీటరు, బొగ్గు కొనుగోలు, అమ్మిన కార్బొనేట్ లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే దొంగతనం దాగదు. 100 టన్నుల స్వచ్ఛమైన ముగ్గురాయికి కార్బొనేట్ ఎంత చేసినా 85 టన్నులకు మించి రాదు. ఫ్యాక్టరీ ఎంత బాగా నడిచినా అంతకు కొంత తక్కువే వస్తుంది. లెక్క మరీ తక్కువ చూపితే అడగాల్సిందే.

మీ అబ్బాయికి ఒక మాట. పొడి నాణ్యత పరీక్షించే ల్యాబులకు ఆ ఫ్లాస్కు ముందు ఓపికగా కూర్చోగలిగినవాళ్లు ఎప్పుడూ కావాలి. మిల్లుల్లో, రేవుల దగ్గర తనిఖీ సంస్థల్లో అడిగి చూడమనండి.

ప్రశ్న: నాకు కడుపు ఎక్స్‌రే తీసేముందు బేరియం తాగించారు. ఎలుకల మందులో కూడా బేరియం ఉంటుందని మా పక్కింటావిడ చెప్పింది. అప్పటి నుంచి భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: భయపడకండమ్మా. మీరు తాగింది బాగా శుద్ధి చేసిన బేరియం సల్ఫేటు, అంటే ముగ్గురాయిలో ఉండే పదార్థమే. అది కడుపులోని ఆమ్లంలో కరగదు, ఒంటికి పట్టదు, వచ్చిన దారినే పోతుంది. ఎక్స్‌రేను అడ్డుకుంటుంది కాబట్టి పేగుల ఆకారం తెల్లగా కనబడుతుంది. ఒకప్పుడు ఎలుకల మందుగా వాడింది బేరియం కార్బొనేట్. అది కడుపులో కరిగి రక్తంలోకి వెళ్లి గుండెను, కండరాలను దెబ్బతీస్తుంది. రెండింటిలోనూ బేరియం ఉన్నా ఒకటి కరగదు, ఒకటి కరుగుతుంది. మీ పక్కింటావిడ చెప్పింది అబద్ధం కాదు, కానీ మీరు తాగిన దానికి వర్తించదు.

ప్రశ్న: కోనసీమలో ఇంత చమురు, గ్యాస్ తీస్తున్నారు. తాటిపాకలో ఉన్నది మాత్రం బుల్లి రిఫైనరీ. మన చమురును మన దగ్గరే పెద్ద ఎత్తున శుద్ధి చేయరెందుకు?
– ఒక రైతు, అమలాపురం

జవాబు: ఓఎన్‌జీసీ తాటిపాక రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 66 వేల టన్నులు. విశాఖలో హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీని కోటిన్నర టన్నులకు విస్తరించారు. విశాఖది 1957లో కాల్టెక్స్ పెట్టినది, మొదటి నుంచీ ఓడల్లో వచ్చే ముడి చమురు మీదే ఆధారం. శుద్ధి కర్మాగారానికి కావలసింది పక్కనే బావి కాదు, లోతైన రేవు, పెద్ద పరిమాణం. కోనసీమ బావుల్లో దొరికే ముడి చమురు అలాంటి కర్మాగారానికి ఏ మూలకూ సరిపోదు. దేశం వాడే ముడి చమురులో 85 పాళ్లకు పైగా దిగుమతే. ఆ లెక్కన తాటిపాకది చిన్నదే అయినా, స్థానికంగా దొరికినదాన్ని స్థానికంగానే మరిగించే మంచి ఏర్పాటు.

గ్యాస్ విషయంలో మాత్రం మీ కోపం సబబే. 2009లో మన తీరంలోని కృష్ణా గోదావరి సముద్ర క్షేత్రం కేజీ డీ6 నుంచి గ్యాస్ మొదలైనప్పుడు కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా పైపులైను పడింది. ఇక్కడ గ్యాస్ వస్తుందని నమ్మి కట్టిన విద్యుత్ కేంద్రాలు ఆ తర్వాత ఉత్పత్తి పడిపోయి ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చున్నాయి. గ్యాస్ కొన్నవాడి గుమ్మానికే పైపు పోతుంది కాబట్టి, ఇక్కడ కొనేవాడు నిలబడాలి. నా లెక్కలో గ్యాసును ఊరికే మండించి కరెంటు చేయడం కంటే ఎరువులకు, గాజుకు, పింగాణీకి వాడడం మేలు. కాకినాడలో గ్యాస్‌తో యూరియా తయారు చేసిన ఫ్యాక్టరీ ఉంది. యూరియా బస్తా రైతుగా మీకు ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కరలేదు. కొత్త బావుల నుంచి గ్యాస్ కేటాయించేటప్పుడు ఎరువుల వాటా ఎంత, అందులో మన జిల్లాలకు ఎంత అని మీ ఎంపీని లిఖితపూర్వకంగా అడగండి. ఆ ప్రశ్న పార్లమెంటులో వేయించగలిగితే జవాబు రికార్డుల్లో ఉంటుంది. ఆ ప్రతి నాకు పంపితే వచ్చే సంచికలో దాని గురించే రాస్తాను.