చెమ్మ ఇంటివల్ల కీళ్లవాతం వస్తుందా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. తిత్లీ తుపానుకు ఇల్లు పోయాక ఒక్క గది రేకుల ఇంట్లో ఆరుగురం ఉంటున్నాం. వానాకాలమంతా గోడలు చెమ్మే. పదేళ్ల మా పాపకు మోకాలు వాచింది, అది తగ్గేలోపు చీలమండ వాచింది. జ్వరం కూడా ఉంది. మా అత్తగారికి ఎన్నాళ్లుగానో వేళ్ల కీళ్ల నొప్పులు. చెమ్మ ఇంట్లో వాతం పట్టిందంటున్నారు. ఇల్లు మారితే తగ్గుతుందా?

జవాబు: ఇంటి సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు పాపను శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించండి. ఈ వయసులో జ్వరంతోపాటు ఒక కీలు తగ్గుతుంటే ఇంకోటి వాస్తోందంటే మేం మొదట అనుమానించేది రుమాటిక్ ఫీవర్‌నే. రెండు మూడు వారాల కిందట గొంతునొప్పి వచ్చిందేమో గుర్తు చేసుకోండి. రాలేదన్నా అనుమానం పోదు. కొందరు పిల్లల్లో అది తెలియకుండానే వచ్చి పోతుంది.

ఈ జబ్బులో, గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా మీద పోరాడుతూ మన రోగనిరోధక శక్తి సొంత కీళ్లనూ గుండెనూ కూడా దెబ్బతీస్తుంది. కీళ్ల వాపు కొన్ని వారాల్లో పోతుంది. గుండె వాల్వులకు తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోవచ్చు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన ఈ జబ్బు, పెళ్లై గర్భం వచ్చాక ఆయాసంతో బయటపడిన ఆడవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. అందుకే ఈసీజీ, ఎకో అనే గుండె పరీక్షలు తప్పనిసరి. ఆ బాక్టీరియా సోకిందని చెప్పే రక్తపరీక్ష ఏఎస్‌ఓ ఒక్కటే ఎక్కువుందని జబ్బు ఖాయం చేయకూడదు.

ఇక ఇల్లు. తప్పు చెమ్మది కాదు, ఇరుకుది. ఒకే గదిలో పిల్లలంతా పక్కపక్కన పడుకుంటే దగ్గు తుంపర్లతో ఆ బాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి పోతుంది. యూరప్, అమెరికాల్లో ఇళ్ల ఇరుకు తగ్గుతున్నకొద్దీ, పెన్సిలిన్ రాకముందే ఈ జబ్బు తగ్గడం మొదలైంది. చెమ్మ, బూజు వల్ల ఆస్తమా ముదురుతుంది. వానరోజుల్లో ఉన్న నొప్పి ఎక్కువనిపించవచ్చు, అంతే.

జబ్బు ఖాయమైతే మూడు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి చేయించాలి. ‘పాప బాగానే గెంతుతోంది కదా’ అని మానేస్తే జ్వరం మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా వాల్వు ఇంకాస్త పాడవుతుంది. ఈలోగా మందుల షాపులో నొప్పి మాత్రలు కొని వేయకండి. అవి అసలు లక్షణాలను కప్పేస్తాయి. పైగా అవి కిడ్నీలకు చేటు, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మీ ఉద్దానం ప్రాంతంలో ఉంటూ, ఇంట్లో ఎవరూ వాటి జోలికి పోకపోవడమే మంచిది.

అత్తగారిది వేరే జబ్బు కావచ్చు. పొద్దున లేవగానే వేళ్లు గంటసేపు బిగుసుకుపోతుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక శక్తే కీళ్లను దెబ్బతీసే దీర్ఘకాలిక జబ్బు) పరీక్షలు చేయించండి. చుట్టగానీ, మన తీరంలో అడ్డపొగగానీ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటుంటే మాన్పించండి. ఆ జబ్బుకు పొగాకు పెద్ద ముప్పు.

ఇల్లు ఇప్పుడే మారలేకపోతే కిటికీ తెరిచి ఉంచండి. పిల్లల్ని ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి. మిగతా పిల్లల్లో ఎవరికైనా జ్వరంతో గొంతునొప్పి వస్తే వెంటనే పీహెచ్‌సీలో చూపించండి. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మందు పడితే ఈ జబ్బును ఆపవచ్చు. పది రోజుల కోర్సు రాస్తే, మూడో రోజుకే తగ్గినా పది రోజులూ వేయండి.