బొమ్మ వస్తోంది, సౌండ్ రావడం లేదా?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత లాప్‌టాప్‌లో సినిమా పెడితే బొమ్మే తప్ప సౌండ్ రావట్లేదని రాశావు. టెన్షన్ పడి విండోస్ మళ్లీ ఎక్కించకు. సౌండ్ ఎక్కడ ఆగిపోతోందో తెలిస్తే సగం పని అయినట్టే. ముందు యూట్యూబ్‌లో ఏదో ఒక పాట పెట్టు.

అది వినిపిస్తే స్పీకర్లు బాగున్నట్టే, తేడా ఆ ఫైల్లోనో ప్లేయర్లోనో ఉంది. ఎంకేవీ (.mkv) రకం సినిమా ఫైళ్లలో సౌండ్ తరచుగా ఏసీ3, డీటీఎస్ ఫార్మాట్లలో ఉంటుంది. వాటిని చదివే కోడెక్ అనే చిన్న ప్రోగ్రామ్ లేని ప్లేయర్ బొమ్మ మాత్రమే చూపిస్తుంది. వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో ఆ కోడెక్‌లు ముందే ఉంటాయి, దాని సొంత సైటు నుంచే దించుకో. కోడెక్ ప్యాకుల జోలికి మాత్రం వెళ్లకు నాయనా, కొన్నిటితో పాటు అక్కర్లేని చెత్తంతా లోపలికి వస్తుంది. వీఎల్‌సీలోనూ రాకపోతే ఆడియో మెనూలో వేరే ట్రాక్ ఎంచుకో. మ్యూజిక్ వినిపిస్తూ డైలాగులు మాత్రం వినపడకపోతే అది 5.1 సౌండ్ (ఆరు స్పీకర్ల సౌండ్) తంటా. అందులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి, నీ లాప్‌టాప్‌కి ఉన్నవి కుడి, ఎడమ రెండే. సౌండ్ సెట్టింగుల్లో స్పీకర్లు 5.1 అని ఉంటే స్టీరియోకి మార్చు.

యూట్యూబ్ కూడా వినపడలేదా? గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, సౌండ్ ఏ పరికరానికి వెళ్తోందో చూడు. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌కో వెళ్తూ ఉండవచ్చు. వాల్యూమ్ మిక్సర్‌లో ఒక్కో యాప్‌కి విడిగా మ్యూట్ ఉంటుంది, అదీ చూడు.

పాత లాప్‌టాప్‌లలో నేను ముందు అనుమానించేది హెడ్‌ఫోన్ జాక్‌నే. ఇయర్‌ఫోన్స్‌లో వినిపిస్తూ స్పీకర్లలో రాకపోతే, లోపల దుమ్ము పట్టి, ప్లగ్ ఇంకా ఉందనే లాప్‌టాప్ అనుకుంటూ ఉండవచ్చు. ప్లగ్‌ని నెమ్మదిగా నాలుగైదుసార్లు పెట్టి తియ్యి. పిన్నీసులతో పొడవకు, కాంటాక్టులు వంగిపోతాయి.

ఇవేవీ పనిచెయ్యకపోతే డివైస్ మేనేజర్‌లో ఆడియో పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యి, చాలావరకు విండోసే డ్రైవర్‌ని (ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్‌ని) మళ్లీ వేసుకుంటుంది. అయినా మూగగానే ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) నడిపి చూడు, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. అక్కడ సౌండ్ వస్తే తప్పు విండోస్‌ది. అక్కడా రాకపోతే లోపం బహుశా లాప్‌టాప్ భాగాల్లోనే ఉంటుంది, అంత పాత మదర్‌బోర్డుకి రిపేరు ఖర్చు దండగ. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని, దానికి స్పీకర్లు తగిలించుకో.