పైట ఏ భుజం మీదుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్‌లలో సగానికి పైగా పాత ఫోటోలు, నెగెటివ్‌లు దాచిన ట్రంకుపెట్టెల గురించే. ఎండలు ముదరకముందే అందరూ అటకలు దులుపుతున్నట్టున్నారు. నలుగురికీ పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులు రాస్తున్నాను. మిగతావాళ్లు కోప్పడకండి, వచ్చే నెల చూద్దాం.

*

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు తెనాలిలో చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపారు. ఆయన పోయాక నెగెటివ్‌లన్నీ రెండు ట్రంకుపెట్టెల్లో మేడమీద గదిలో ఉండిపోయాయి. మొన్న మూత తీస్తే గుప్పున పుల్లటి వాసన. కొన్ని ఫిల్ములు చుట్టుకుపోయి బిరుసెక్కాయి. అన్నీ స్కాన్ చేయించి నెగెటివ్‌లు పారేద్దాం అంటున్నాడు మా అబ్బాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ అబ్బాయిని ఆ పెట్టెల దగ్గరకు రానివ్వకండమ్మా. స్కాన్ చేశాం కదా అని నెగెటివ్ పారేస్తే, రేపు ఆ హార్డ్‌డిస్క్ మొరాయించిన రోజున మీ చేతిలో ఏమీ మిగలదు.

ఆ వాసన వెనిగర్ వాసన. మన స్టూడియోల్లో వాడిన ఫిల్ముల్లో చాలావాటికి ఆధారం అసిటేట్ ప్లాస్టిక్. వేడికీ తేమకీ అది కుళ్లడం మొదలుపెడితే ఎసిటిక్ ఆమ్లం బయటికొస్తుంది, ఆ ఆమ్లమే మళ్లీ కుళ్లును తొందరపెడుతుంది. మూత బిగించిన ఇనప్పెట్టెలో ఆ ఆవిరికి బయటికి దారి లేదు. దాంతో పక్కనున్న మంచి ఫిల్ముకీ తగులుకుంటుంది. పైగా మేడమీద గది! మే నెలలో గుంటూరు శ్లాబు కింద మనుషులే నిలవలేరు, ఫిల్ము ఏం నిలుస్తుంది?

ఈరోజే వాటిని కిందికి దింపండి. వాసన వచ్చేవి ఒకవైపు, రానివి ఒకవైపు వేరుచేయండి. గాలి ఆడే గదిలో, గోడకు ఆనించకుండా, కాగితం కవర్లలో పెట్టి అట్టపెట్టెల్లో సర్దండి. అంటుకుపోయే పాత ప్లాస్టిక్ కవర్లు తీసేయండి. కలరా ఉండలు మాత్రం వేయకండి, బట్టల బీరువాకి పనికొచ్చేవన్నీ ఫిల్ముకి పనికిరావు. ఇంకో మాట. ఫిల్ము అంచు మీద ఇంగ్లిష్‌లో ‘సేఫ్టీ’ అని అచ్చయి ఉంటే భయం లేదు. 1950ల ముందు నాటి ఫిల్ముల్లో నైట్రేట్ రకం కూడా ఉండేది, అది తేలిగ్గా అంటుకునే సరుకు. అలాంటిది ఉందని అనుమానమొస్తే విడిగా తీసి, పొయ్యికీ ఎండకీ దూరంగా ఉంచి, తెలిసినవాళ్లకు చూపించండి.

కవర్ల మీద నంబర్లుంటాయి చూడండి, పాత కవరు మార్చినా ఆ నంబరు మాత్రం కొత్తదాని మీద ఎక్కించండి. నాన్నగారి ఆర్డరు పుస్తకం దొరికితే ఆ నంబరుకి ఎదురుగా పేరు, ఊరు, తారీకు ఉంటాయి. ఆ పుస్తకం లేని నెగెటివ్ ఎవరిదో చెప్పడం దేవుడి తరం కూడా కాదు. స్కానింగులో వరస కూడా దీన్నిబట్టే పెట్టుకోండి: ముందు వాసన వస్తున్నవి, చుట్టుకుపోతున్నవి. తర్వాత, చూసి పేర్లు చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్న ఫోటోలు. పెళ్లికూతురి పక్కన నిలబడ్డదెవరో చెప్పే పెద్దమ్మ తొంభైల్లో ఉంటే, ఆ ఫోటో వచ్చే ఏడాదికి వాయిదా వేసేది కాదు.

ఏదైనా ఒక మొహం ఫోటో నెగెటివ్ తీసుకుని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. మొహం ఉన్నచోట సన్నటి మెరుపు గీతలు, చుక్కలు కనిపిస్తాయి. అవి గీరుళ్లు కావు, రీటచింగ్. మొహం మీద మచ్చ నెగెటివ్‌లో పలచగా పడుతుంది. అక్కడ పెన్సిల్ పట్టేలా మందు రుద్ది, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దట్టం చేస్తే ప్రింటులో మచ్చ చర్మంలో కలిసిపోయేది. కళ్లకింద నలుపు, అమ్మవారు పోసిన గుంటలు, అన్నీ అలాగే సరిచేసేవాళ్లం. పెళ్లిచూపుల ఫోటో అయితే ఆ పెన్సిల్‌కి ఇంకాస్త పని. స్పిరిట్‌తో తుడిచారంటే ఆ పనంతా దూదికి అంటుకుని వచ్చేస్తుంది. కాబట్టి మెత్తటి బ్రష్షు, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, అంతే. తడి తగలనివ్వకండి.

అబ్బాయి వీటిని ఫేస్‌బుక్‌లో పెట్టేస్తానంటే ఒకటి చెప్పండి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. పెట్టె మీది, హక్కు వాళ్లది. బతిమాలో, కబురుపెట్టో అడిగి పెట్టుకోండి. చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు, పైగా పేర్లు కూడా చెబుతారు.

*

ప్రశ్న: మా పెళ్లి నెగెటివ్‌లు బెజవాడలో ఒకచోట స్కాన్ చేయించాను. 9600 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని చెప్పి గట్టిగానే తీసుకున్నారు. ఫైళ్లు భారీగా ఉన్నాయి గానీ ఫోటోలు మసగ్గా ఉన్నాయి. పైగా ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు.
– ఒక బ్యాంకు ఉద్యోగి, మంగళగిరి

జవాబు: మీరు జతచేసిన ఫోటో చూశాను. ఏదో తేడా ఏమిటో చెబుతా: మీ ఆవిడ పైట కుడి భుజం మీదుంది, మీ చొక్కా జేబు కూడా కుడివైపుకొచ్చింది. ఫిల్ము తిరగేసి పెట్టి స్కాన్ చేశారు. ఫిల్ముకి ఒకవైపు నిగనిగలాడుతుంది, రెండోవైపు మందంగా మసకగా ఉంటుంది. బొమ్మ ఉండేది మసక వైపు. నిగనిగలాడే వైపు నుంచి చూసినప్పుడు అంచు మీది అక్షరాలు సరిగ్గా చదవగలిగితే అదే సరైన వైపు. మీరు కంప్యూటర్‌లో అద్దంలో చూపించినట్టు తిప్పేస్తే పైట మళ్లీ ఎడమకొస్తుంది. మసక పోవాలంటే మాత్రం మళ్లీ స్కాన్ చేయాల్సిందే.

9600 సంగతి. బల్లపరుపు స్కానర్లు పెట్టె మీద రాసుకున్నంత వివరం నిజంగా ఇవ్వవు. అంకె పెంచితే ఫైలు లావవుతుంది, కళ్లలో కాంతి పెరగదు. 35 ఎంఎం ఫిల్ములో ఒక బొమ్మ 24 × 36 మిల్లీమీటర్లు. మంచి ఫిల్ము స్కానర్‌లో 3200 డీపీఐ దగ్గర తీస్తే సుమారు 4500 × 3000 చుక్కలొస్తాయి. 10 × 15 అంగుళాల ప్రింటుకి అది హాయిగా సరిపోతుంది. 120 రీలు అయితే బొమ్మే పెద్దది, 2400 చాలు. అసలు కాపీ టిఫ్‌లో (వివరం తగ్గని ఫైలు రకం) అడగండి, జేపెగ్ అన్నది బంధువులకు పంపుకోవడానికి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నుంచి ప్రింటు వేయమని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది.

దుమ్ము దానంతటదే తీసేసే సౌకర్యం రంగు ఫిల్ముకి బాగా పనిచేస్తుంది. అది పరారుణ కాంతితో దుమ్మును పసిగడుతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మ అంతా వెండి, ఆ కాంతిని వెండి కూడా అడ్డుకుంటుంది. దాంతో యంత్రం మొహాన్ని కూడా దుమ్మనుకుని చెరిపేయబోతుంది. బ్లాక్ అండ్ వైట్ ఇచ్చేటప్పుడు అది ఆపించండి.

ఇంట్లో డిజిటల్ కెమెరా, బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సు ఉంటే లైటు పలక మీద పెట్టి మీరే ఫోటో తీసుకోవచ్చు. ఏ నెగెటివ్‌లో ఏముందో చూసుకోవడానికైతే ఫోను కూడా చాలు. తెల్లటి ఫోన్ తెర మీద ఫిల్ము నేరుగా పెట్టకండి, తెర చుక్కలు బొమ్మలోకొస్తాయి. మధ్యలో తెల్ల అక్రిలిక్ ముక్క పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి.

*

ప్రశ్న: 2024 బుడమేరు వరదలో మా ఆల్బమ్‌లు మునిగాయి. ఆరబెట్టి దాచాం. ఇప్పుడు తెరిస్తే ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, కొన్నిటి మీద బూజు.
– ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: చాకుతో, బ్లేడుతో విడదీయొద్దమ్మా. ముందు ఉన్నది ఉన్నట్టు ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. స్టూడియోలో కడిగిన పాత ఫోటోలైతే, బూజు లేనివాటిలో పెద్దగా పట్టింపు లేని ఒక జతను శుభ్రమైన చల్లటి నీళ్లలో నానబెట్టి చూడండి. పొర మెత్తబడి వాటంతటవే జారుతాయి. అప్పుడు బొమ్మ వైపు ముట్టుకోకుండా నీడలో ఆరబెట్టండి. ఇంటి ప్రింటర్‌లో వేసినవి నీళ్లలో పెట్టొద్దు, రంగు కారిపోతుంది. బూజు పట్టినవీ పెట్టొద్దు. బూజు ఆ జిలెటిన్ పొరను తినేసి ఉంటుంది, నీళ్లు తగిలితే బొమ్మే కరిగిపోవచ్చు. వాటిని ఆరనిచ్చి, మెత్తటి బ్రష్షుతో ఆరుబయట దులిపి, స్కాన్ చేయించండి.

అంతకంటే ముందు చేయాల్సింది: పెళ్లి తీసిన ఫోటోగ్రాఫర్ ఇంటికి వెళ్లండి. ఆ రోజుల్లో నెగెటివ్‌లు చాలామంది తమ దగ్గరే ఉంచుకునేవారు. ఆయన ఇల్లు మునగని పేటలో ఉంటే మీ అదృష్టం.

*

ప్రశ్న: మా తాతగారు 1980 కృష్ణా పుష్కరాల్లో అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసిన రీళ్లు దొరికాయి. దుర్గాఘాట్, సీతానగరం, పడవలు, జనం. వీటితో ప్రదర్శన పెట్టాలని నాకూ మా చెల్లికీ కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, గాంధీనగర్, విజయవాడ

జవాబు: బాబూ, ఈ నెల ఉత్తరాలన్నిటిలోకీ నాకు నచ్చింది నీదే. తొందరపడకండి. వచ్చే కృష్ణా పుష్కరాలు 2028లో, లక్ష్యం అదే పెట్టుకోండి. ఆ నెల ఊరంతా ఘాట్ల వైపు నడుస్తుంటుంది, జనాన్ని మీరు పిలవక్కర్లేదు.

క్లిక్ త్రీ 120 రీలు కెమెరా. రీలుకి పన్నెండు చదరపు బొమ్మలు. లెన్సు మరీ సాదాది, మధ్యలో బాగానే ఉన్నా అంచులకు పోయేకొద్దీ మెత్తబడుతుంది. అది లోపమని సాఫ్ట్‌వేర్‌లో పదును పెట్టకండి. ఆ మెత్తదనం ఆ కెమెరా చేతిరాత. అందుకే పెద్ద సైజులకు పోవద్దు. ఎక్కువ భాగం 12 × 12 అంగుళాలు చాలు. జనం నిండిన రెండు మూడు బొమ్మలు మాత్రం 20 అంగుళాలకు వేయండి, దగ్గరికొచ్చి మొహాలు వెతుక్కుంటారు.

మాట్ కాగితం మీద వేయించండి. గ్లాసీ అయితే మన హాళ్ల ట్యూబ్‌లైట్లన్నీ ఫోటోలోనే కనిపిస్తాయి. ఫ్లెక్సీ ఊసెత్తకండి. చౌకని ఆశపడతారు గానీ, కూడలిలో పుట్టినరోజు శుభాకాంక్షల పక్కన తాతగారిని నిలబెట్టినట్టుంటుంది. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తులో ఉండాలి. దండలు వేసే పటాల్లా పైకెత్తి కడతారు మనవాళ్లు, మెడలు పట్టేస్తాయి. ఒకసారి బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్లండి. 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో కట్టిన భవనం, బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. వస్తువుల కంటే గోడల్ని ఎక్కువ చూడండి: వెలుతురు ఎటునుంచి పడుతోంది, వివరం ఎంత అక్షరాల్లో రాశారు, రెండు పటాల మధ్య ఎంత జాగా వదిలారు.

ఎన్ని పెట్టాలంటే, మీరనుకున్నదాంట్లో సగం. ముందు అన్నీ తక్కువ సైజులో స్కాన్ చేసి అరచేతంత ప్రింట్లు వేయించి, నేలమీద పరిచి, చెల్లీ నువ్వూ విడివిడిగా ఏరండి. ఇద్దరూ ఏరినవి మొదటి వరస. ఒక్కరే ఏరిన వాటి మీద పోట్లాడుకోండి, మంచి బొమ్మలు అక్కడే దొరుకుతాయి.

ఇంకో పని చేస్తారా? ఒక బల్ల మీద నెగెటివ్ సైజులోనే, అంటే ఆరు సెంటీమీటర్ల చదరాలుగా కొన్ని ప్రింట్లు పరిచి పక్కన భూతద్దం పెట్టండి. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో గాజుపలక ఎంతుంటే ఫోటో అంత వచ్చేది, పలకను కాగితానికి ఆనించి ఎండలో అచ్చువేసేవారు. చిన్న బొమ్మ మీదికి మనిషిని వంగేలా చేయడంలో ఉన్న మజా గోడంత ప్రింటులో లేదు. ఆ భూతద్దం పక్కనే ఒక నోటుపుస్తకం, తాడు కట్టిన పెన్ను కూడా ఉంచండి. ‘మీకు తెలిసినవాళ్లు కనిపిస్తే రాయండి’ అని ఒక అట్ట పెట్టండి. 1980లో అమ్మ చంకలో స్నానానికొచ్చిన పిల్లలకు ఇప్పుడు యాభై దాటలేదు. వస్తారు చూడండి.

స్నానాల ఫోటోలు ఏరేటప్పుడు ఆడవాళ్ల విషయంలో జాగ్రత్త. తాతగారు తీశారు కదా అని అన్నీ గోడకెక్కేవి కావు. ఏరేటప్పుడు మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

*

ప్రశ్న: మా నాన్నగారు 1950లో ప్రకాశం బ్యారేజీ మీద తీయించుకున్న ఫోటో పంపుతున్నాను. బాగుచేసి పెడతారా?
– ఒక పాఠకుడు, ఉండవల్లి

జవాబు: బాగు చేయవచ్చు గానీ ముందు తారీకు బాగు చేద్దాం. బ్యారేజీ పూర్తయింది 1957లో. 1950లో అక్కడున్నది 1855 నాటి పాత ఆనకట్ట, 1952 వరదకి అది తెగాకే ఈ కొత్తది కట్టారు. మీ ఫోటోలో గేట్లు స్పష్టంగా ఉన్నాయి. నాన్నగారు అప్పటికి మీరనుకున్నంత కుర్రాడు కాదన్నమాట. వెనక రాసి ఉన్న అంకె ఆయన చేతిదా, తర్వాత ఎవరైనా రాసిందా కనుక్కోండి.

*

ప్రశ్న: అమ్మమ్మ బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి ఏఐతో రంగులు వేయించాను. ఫ్రేము కట్టించనా?
– ఒక విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కట్టించుకో తల్లీ, కానీ అసలుది కూడా పక్కనే కట్టించు. ఆ పట్టుచీర ఏ రంగో కంప్యూటర్‌కి తెలియదు, మీ పెద్దమ్మకి తెలుసు. ఆవిడ ‘మామిడిపండు రంగు’ అంటే, నీ ఫ్రేములో ఉన్న నీలం చీర వేరే ఎవరిదో.

*

ప్రశ్న: 1985లో తీసిన నెగెటివ్‌ను ఇప్పుడు స్కాన్ చేసి ఫోటో సెలూన్ (ఏరిన ఫోటోల ప్రదర్శన) పోటీకి పంపవచ్చా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, పటమట, విజయవాడ

జవాబు: నిరభ్యంతరంగా. ఫిల్ము మీద తీసినా, డిజిటల్‌లో తీసినా, బొమ్మ మీరే తీసి ఉండాలన్నది సాధారణ నియమం. అన్నయ్య తీసింది మీ పేరుతో పంపకండి. నేచర్ విభాగమైతే దుమ్ము చుక్కలు, గీతలు తుడవడం వరకే. అడ్డొచ్చిన కరెంటు స్తంభం తీసేశారంటే తిప్పి పంపిస్తారు. మోనోక్రోమ్‌లో కాస్త వెసులుబాటు ఉంటుంది. ఆ ఏడాది నిబంధనల పత్రం చివరిదాకా చదివి రుసుము కట్టండి.

*

చివరగా ఒక మనవి. ప్రశ్నతో పాటు ఫోటో కాపీ పంపండి, ఫోన్‌లో తీసిందైనా చాలు. అసలు నెగెటివ్‌లు పోస్టులో పంపకండి. పోయిన నెల ఒకరు మామూలు కవరులో పెట్టి పంపారు, నాకు చేరేసరికి తపాలా ముద్ర సరిగ్గా పెళ్లికొడుకు మొహం మీద పడింది.