సాయంత్రం నాలుగింటికి స్వీట్ లేకపోతే చేతులు వణుకుతున్నాయి అన్న చెల్లికి

చెల్లీ, నాకు 46, నువ్వు 33 అని రాశావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బరువు తగ్గడానికి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు, 108 నుంచి 73 కిలోలకి వచ్చావు, ఇప్పుడు రెండు నెలల నుంచి రోజూ సాయంత్రం నాలుగైతే చాలు స్వీట్ మీదికి ప్రాణం లాగేస్తోంది, వేళచ్చేరి ఆఫీసులో హ్యాండ్‌బ్యాగ్‌లో మైసూర్‌పాక్ దాచుకుని ఎవరూ చూడకుండా మెట్ల దగ్గర నిలబడి తింటున్నావు, మీ ఆయన ఇంత ఖర్చు పెట్టి ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ ఇదేనా అన్నాడు. నాలో కంట్రోల్ లేదా, ఆపరేషన్ వేస్ట్ అయిపోయిందా, ఈ ఆశ చచ్చిపోవడానికి టాబ్లెట్ ఏమైనా ఉందా అని అడిగావు. మనసు గట్టి చేసుకో అని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. కానీ నువ్వు మధ్యలో ఒక ముక్క రాసి దాటేశావు చూడు, తినకపోతే చేతులు వణుకుతున్నాయి, చెమట పడుతోంది, తినగానే పది నిమిషాల్లో తగ్గిపోతోంది అని. నేను అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే నాకూ సరిగ్గా అదే జరిగింది, అది జిహ్వచాపల్యం అనుకుని దాదాపు ఐదు నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను.

నాది మదనపల్లె, పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులోనే, కె.ఆర్.పురంలో ఉంటాం, మారతహళ్ళి దగ్గర ఒక స్కూల్లో ఆఫీసు పని నాది. 2021లో బైపాస్ చేయించుకున్నాను, అప్పుడు 112 కిలోలు, షుగర్ ఉంది, దానికి తోడు రాత్రిళ్ళు గొంతులోకి పుల్లటి నీళ్ళు తన్నుకొచ్చేవి, అందుకే డాక్టర్ స్లీవ్ (పొట్టని కత్తిరించి సన్నటి గొట్టంలా చేసే ఆపరేషన్) వద్దు, బైపాస్ అన్నారు. మొదటి ఏడాది అసలు తీపి ధ్యాసే లేదు, కాఫీలో అర చెంచా చక్కెర కూడా వెగటుగా ఉండేది, చాలామందికి అలాగే రుచి మారుతుంది మొదట్లో. ఆకలి కూడా ఉండదు. అది చూసి నేను గెలిచేశాను అనుకున్నాను. ఏడాది దాటాక ఆకలి మెల్లగా తిరిగొస్తుంది, నాలుక కూడా మామూలైపోతుంది, ఈ సంగతి డిశ్చార్జి రోజు నాకు ఎవరూ చెప్పలేదు. రెండు పేజీల జిరాక్స్ కాగితం ఇచ్చారు, అందులో తీపి మానండి అని ఒక్క లైను ఉంది. ఎందుకు మానాలి, మానలేకపోతే ఏం చెయ్యాలి, ఏమీ లేదు.

నాకు లాగిన చోటు టిన్ ఫ్యాక్టరీ స్టాప్. సాయంత్రం ఐదింటికి 500డి బస్సు దిగగానే దగ్గర్లోనే అయ్యంగార్ బేకరీ, లోపల్నుంచి హనీ కేక్, దిల్‌పసంద్ వాసన. మొదట వారానికొకసారి, తర్వాత రోజూ. కాళ్ళు అటే వెళ్ళేవి, నిజంగా చెప్తున్నా, తినాలని ఆలోచించే టైము కూడా ఉండేది కాదు, వణుకు, చూపు కొంచెం మసక, ఎవరైనా మాట్లాడిస్తే చిరాకు. కేక్ తింటే ప్రాణం లేచొచ్చేది. ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. మళ్ళీ రాత్రి ఏడున్నరకి అదే వణుకు, అప్పుడు బిస్కెట్లు.

చివరికి మా ఆడబిడ్డ పట్టుకుంది. తను నర్సు, ఒకరోజు ఇంట్లో నేను అలా అయినప్పుడు స్వీట్ ఇవ్వకముందే గ్లూకోమీటర్‌తో వేలు గుచ్చి చూసింది, 52 వచ్చింది. వదినా ఇది ఆశ కాదు, నీకు షుగర్ పడిపోతోంది అనింది. ఆ మాట విని నాకు భయం కంటే ముందు ఊరట కలిగింది, అది ఇప్పటికీ గుర్తుంది.

బైపాస్‌లో ఏమవుతుందంటే, పొట్ట చిన్న సంచిలా చేసి చిన్నపేగుకి నేరుగా కలుపుతారు కదా, మామూలు మనుషులకి పొట్ట కింద ఒక కండరం ద్వారంలాగా ఉండి తిన్నది కొంచెం కొంచెంగా వదుల్తుంది, మనకి తిండి ఇప్పుడు ఆ దారిన పోదు. అందుకని తీపి, మెత్తటి అన్నం, జావ, జ్యూస్ ఇవన్నీ గబుక్కున పేగులోకి దిగిపోతాయి, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి లేస్తుంది, దాన్ని దించడానికి ఒళ్ళు అవసరానికి మించి ఇన్సులిన్ వదుల్తుంది, గంట నుంచి మూడు గంటల లోపల చక్కెర బాగా కిందికి పడిపోతుంది. వణుకు, చెమట, గుండె దడ, తీపి కోసం ఆరాటం. తీపి తింటే లేస్తుంది, మళ్ళీ పడుతుంది. అంటే సాయంత్రం మనం తిన్న స్వీటే రాత్రి స్వీట్‌ని అడుగుతుంది. దీన్ని లేట్ డంపింగ్ అంటారు, ఎక్కువమందికి ఏడాది దాటాకే మొదలవుతుంది, నీకు పద్నాలుగు నెలలు అన్నావు చూడు.

ఎర్లీ డంపింగ్ వేరే. అది తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపే వస్తుంది, చక్కెర పేగులోకి నీళ్ళని లాక్కుంటుంది, కడుపులో మెలిపెట్టడం, దడ, విరేచనాలు, పడుకోకపోతే పడిపోతామేమో అనిపించడం. నాకు మా బంధువుల గృహప్రవేశంలో అయింది, రెండు జిలేబీలు తిన్నాను, వ్రతం అవుతుండగానే లేచి పై గదిలో చాప మీద గంటసేపు పడుకోవాల్సి వచ్చింది. ఇంకొకసారి స్కూల్లో హెల్త్ చెకప్ అని ల్యాబ్ వాళ్ళు వచ్చి గ్లూకోజ్ నీళ్ళు తాగించారు, బైపాస్ అని చెప్పాలని నాకు తెలీదు, వాళ్ళూ అడగలేదు, అదే గతి. నీకింకా పిల్లలు కావాలనుకుంటే ఇది గుర్తు పెట్టుకో, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ టెస్టుకని గ్లూకోజ్ తాగమంటారు, నాకు బైపాస్ అయింది వేరే రకంగా చూడండి అని ముందే చెప్పాలి.

ఇప్పుడు నీ పని. ఆశ చంపే టాబ్లెట్ వెతకొద్దు, ముందు గ్లూకోమీటర్ కొను లేదా ఇంట్లో ఎవరిదైనా తీసుకో. వణుకు మొదలవగానే, ఏదీ నోట్లో పెట్టుకోకముందు, చూడు. 70 కంటే తక్కువుంటే కాగితం మీద రాయి, ఎన్నింటికి, అంతకు ముందు ఏం తిన్నావు, ఎంతసేపైంది. నాలుగైదు రోజులు చాలు. ఆ కాగితం తీసుకుని నీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్ళు, షుగర్ టాబ్లెట్లు ఇంకా వేసుకుంటుంటే అవి కూడా చెప్పు, వాటి వల్ల కూడా పడొచ్చు. తిండి మార్చినా ఆగకపోతే దీనికి మందులున్నాయి, కానీ అది వాళ్ళు చూసి ఇవ్వాల్సింది. కళ్ళు తిరిగి పడిపోయినా, మాట తడబడినా, ఏం చేస్తున్నావో తెలీకపోయినా ఇంక కాగితం గీగితం లేదు, వెంటనే ఆస్పత్రికి. ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి ఒక మాట చెప్పి ఉంచు. స్కూటీ నడిపేటప్పుడు అనిపిస్తే ఆపెయ్యి.

షుగర్ పడినప్పుడు మైసూర్‌పాక్ కాదు చెల్లీ. అందులో నెయ్యి ఎక్కువ, చక్కెర రక్తంలోకి ఎక్కడం లేటవుతుంది, ఈలోపు నువ్వు ఇంకో ముక్క తింటావు. నాకైతే డాక్టర్ కొంచెం గ్లూకోజ్ తీసుకుని, కుదురుకోగానే ప్రొటీన్ ఏదైనా తినమన్నారు, లేకపోతే మళ్ళీ పడుతుంది అని. నీకు ఎంత తీసుకోవాలో మీ డాక్టర్‌ని అడుగు.

అసలు పడకుండా ఉండాలంటే మధ్యాహ్నం కంచం మార్చాలి, నాకు నూటికి తొంభై పాళ్ళు పని చేసింది ఇదే. నేను స్కూల్‌కి రసమన్నమే తీసుకెళ్ళేదాన్ని, మెత్తగా దిగుతుంది కదా అని, పన్నెండున్నరకి తింటే మూడు దాటాక షుగర్ పడటం మొదలయ్యేది. ఇప్పుడు ముందు ప్రొటీన్, అది అయ్యాకే అన్నం, అన్నం నాలుగు ముద్దలు. రెండు ఉడికించిన గుడ్లు, లేదా చికెన్, లేదా పనీర్, పొద్దున పెసరట్టు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి మనకి, ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, లెక్కేసుకుంటే తెలుస్తుంది మనం ఎంత తక్కువ తింటున్నామో. తిండితో పాటు నీళ్ళు తాగకు, తిన్నాక అరగంట ఆగు, లేకపోతే సంచిలోది తోసుకుని కిందికి పోతుంది. మూడున్నరకి, అంటే వణుకు రాకముందే, అలసంద గుగ్గిళ్ళో గుప్పెడు చెనక్కాయలో తింటాను. ఆకలేసినప్పుడు కాదు, గడియారం చూసి. ఇది మొదలుపెట్టిన రెండు వారాలకి బేకరీ ముందు నుంచి నడిచి వచ్చాను, ఇంటికొచ్చాక గుర్తొచ్చింది దాటి వచ్చానని.

బెల్లం మంచిదే కదా అని నీకు పదిమంది చెప్తారు, మా అమ్మ కూడా చెప్పింది. పేగుకి బెల్లం ఒకటే, చక్కెర ఒకటే, తేనె, ఖర్జూరం కూడా అంతే, చెరుకు రసం అయితే ఇంకా తొందరగా పోతుంది. షుగర్ ఫ్రీ స్వీట్లు కూడా చూసుకో, చాలావాటిలో చక్కెరకి బదులు మాల్టిటాల్ లాంటివి వేస్తారు, వాటితో కడుపు ఉబ్బరం, విరేచనాలు, పైగా నెయ్యి నెయ్యే. ఇక్కడ బెంగళూరులో సాంబార్‌లోనే బెల్లం వేస్తారు, మన రాయలసీమ నాలుకకి అది మొదటి రోజే తెలిసిపోతుంది, నేను ఇడ్లీకి చట్నీ మాత్రమే అడుగుతాను. దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే చిన్న హోటళ్ళలో, కాఫీ చక్కెర కలిపే ఇస్తారు కాబట్టి ముందే సక్కరె బేడ అని చెప్తాను. చౌ చౌ బాత్ అడిగితే ఖారా బాత్ పక్కన కేసరి బాత్ కూడా వస్తుంది, అది అసలు అడగను. మీ చెన్నైలో నీ దారిలో ఏం ఉంటాయో నువ్వే చూసుకో.

ఇంక రెండో సంగతి. అన్నీ షుగర్ పడటం కాదు. మీటర్‌లో 95 ఉండి కూడా తీపి కావాలనిపించే రోజులుంటాయి. నాకు అది ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. చిన్నప్పటి నుంచి సంతోషం వచ్చినా బాధ వచ్చినా తిండే కదా మనకి, ఆపరేషన్ పొట్టకే చేస్తారు, దీనికి కాదు. ఆ టైముకి ఇంట్లో ఉండకుండా గుడికో చెరువు గట్టుకో పోతాను, లేదా అమ్మకి ఫోన్. అది కూడా సరిపోని రోజులొచ్చినప్పుడు ఒక కౌన్సెలర్ దగ్గరికి ఆరుసార్లు వెళ్ళాను, ఎవరికీ చెప్పడానికి సిగ్గుపడలేదు, నువ్వూ పడొద్దు. నాతో పాటు అదే వార్డులో స్లీవ్ చేయించుకున్న ఒకావిడ ఉంది, తనకి డంపింగ్ పెద్దగా రాదు, ఐస్‌క్రీమ్ తిన్నా ఏమీ అవ్వదు, అదే తనకి కష్టమైంది, ఆపే గంట మోగదు కదా, మెత్తటి తీపి పొట్ట నిండకుండానే జారిపోతుంది, తెలీకుండా పదకొండు కిలోలు తిరిగొచ్చాయి. ఇప్పుడు తనూ ప్రొటీన్ ముందు పద్ధతిలో ఉంది, తగ్గుతోంది. నేను 70 దాకా దిగి ఇప్పుడు 74 దగ్గర ఆగాను. కాబట్టి నీ ఆపరేషన్ వేస్ట్ అవ్వలేదు, మైసూర్‌పాక్‌కి సంచి సాగిపోదు.

పండగలు కష్టమే, అబద్ధం చెప్పను. ఉగాదికి అమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి డబ్బా నిండా ఇచ్చి పంపేది, వద్దంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేది, కూతురు తినకపోతే ఎవరి కోసం చెయ్యాలి అని. ఒకరోజు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని నా వేలు గుచ్చి చూపించాను, ఆ నంబరు ఎంతుండాలో, ఎంతుందో చెప్పాను. తర్వాత ఎప్పుడూ బలవంతం చెయ్యలేదు. ఇప్పుడు నాకోసం అలసంద వడలు చేస్తుంది, ఓళిగ ఒకటి అరచేతిలో సగమంత చేస్తుంది, భోజనం అంతా అయ్యాక అందులో ఒక ముక్క తింటాను, కూర్చుని, అందరి ముందు, నెమ్మదిగా. ఖాళీ కడుపుతో ఎప్పుడూ కాదు. ప్రసాదం అయితే కళ్ళకద్దుకుని గింజంత నోట్లో వేసుకుని మిగతాది మా ఆయనకిస్తాను, దేవుడు దానికి కోప్పడతాడని నేను అనుకోను.

మీ ఆయనకి కూడా ఆ నంబరు చూపించు. దాచుకుని తింటే గబగబా తింటాం, ఎక్కువ తింటాం, పడిపోతే పక్కన ఎవరూ ఉండరు, నాకు ఆ మెట్ల దగ్గర నువ్వు ఒక్కదానివే నిలబడి ఉండటం తలచుకుంటేనే భయంగా ఉంది. ఇవాళ మీటర్ కొను. నాలుగు రోజుల రీడింగులు వచ్చాక ఇక్కడే రాయి, నేను రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.